మా గోల్ఫ్ కార్టుకి ఇంజిన్ మార్చుకున్నాం

నాన్నకి మోకాళ్ళు పాడయ్యాక తోటలో ఈ చివర నుంచి ఆ చివరకి తిరగడానికి ఒక పాత పెట్రోల్ గోల్ఫ్ కార్టే ఆధారం. ఒక వారం పాటు దాని లోపల ఎవరో చిన్న సుత్తితో కొడుతున్నట్టు చప్పుడు వచ్చింది. వాల్వుల మోతే అనుకుని ఊరుకున్నాను. ఎనిమిదో రోజు ఎత్తు ఎక్కుతుండగా ఠప్‌మని పేలినట్టయి బండి ఆగిపోయింది. వంగి చూస్తే ఇంజిన్ పక్కన బొటనవేలు దూరేంత కన్నం, కింద నల్లటి ఆయిల్ మడుగు. పిస్టన్‌ని తిరిగే క్రాంక్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్ విరిగి, క్రాంక్‌ చుట్టూ ఉండే పెట్టెను, అంటే క్రాంక్‌కేసును పొడుచుకుని బయటికి వచ్చింది.

కారణం వెతకడానికి ఎంతో సేపు పట్టలేదు. ఇలాంటి చిన్న ఇంజిన్లలో చాలావాటికి రాడ్ అల్యూమినియంది. క్రాంక్ మీద దానికి వేరే బేరింగ్ ఉండదు, మధ్యలో ఉండే పల్చటి ఆయిల్ పొరే బేరింగ్. ఆయిల్ తగ్గిన ఇంజిన్ ఎత్తు ఎక్కితే ఉన్న కాస్త ఆయిలూ ఒక పక్కకి పోతుంది, రాడ్ ఎండిపోయి తిరుగుతుంది. ఆ వారంలో ఒక్కసారి ఆయిల్ మట్టం చూపే డిప్‌స్టిక్ తీసి చూసినా సరిపోయేది. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

చాలామంది ఇలాంటప్పుడు హోండా జీఎక్స్ 390 లాంటి పెద్ద ఇంజిన్ పెట్టుకుంటారు. అది 389 సీసీ, మంచి ఇంజినే. కానీ దాని షాఫ్టు మామూలుగా 25.4 మి.మీ. మందంతో చివరిదాకా ఒకేలా ఉంటుంది. మా క్లచ్ కూర్చునేది మొన వైపు సన్నబడే టేపర్ షాఫ్టు మీద. పెద్ద ఇంజిన్ పెట్టాలంటే కింద ప్లేటు, క్లచ్ హబ్బు, సైలెన్సర్, యాక్సిలరేటర్ లింకు అన్నీ మార్చాలి. బండికి వేగం పెరగడం మాకు అక్కర్లేదు, నాన్న క్షేమంగా తిరిగితే చాలు. అందుకే అదే మోడల్ ఇంజిన్ తెప్పించాం.

అది రాగానే బిగించే పని పెట్టుకోలేదు. రెండు ఇంజిన్లనూ పక్కపక్కన నిలబెట్టి షాఫ్టు పొడవు, టేపర్, కింది బోల్టు రంధ్రాల దూరం, తిరిగే దిశ కొలిచి సరిచూశాను. మోడల్ పేరు ఒకటే అయినా చివరి అక్షరాలు మారితే షాఫ్టే వేరుగా ఉండొచ్చు. మాది సరిపోయింది. మనసు కుదుటపడింది.

విప్పడం ముందు బ్యాటరీ నెగటివ్ తీగతో మొదలుపెట్టి, పెట్రోల్ కాక్ కట్టేశాను. ప్రతి వైరుకీ, ప్రతి గొట్టానికీ టేపు చుట్టి నంబరు రాశాను, ఫోన్‌లో ఫోటోలూ తీసుకున్నాను. అంతవరకూ సాఫీగా నడిచింది. ఆ తర్వాత క్లచ్ దగ్గర ఒక పూట మొత్తం పోయింది.

ఇంజిన్ షాఫ్టు మీద ఉండే ఈ క్లచ్ టేపర్ మీద బిగుసుకుపోయి ఉంటుంది. మధ్య బోల్టు తీసినంత మాత్రాన ఊడిరాదు. దానికోసమే చేసిన పుల్లర్ బోల్టు ఉంటుంది. బిగిస్తుంటే అది షాఫ్టును లోపలికి నెడుతూ క్లచ్‌ని బయటికి తోస్తుంది. బోల్టు తిప్పేటప్పుడు ఇంజిన్ తిరక్కుండా ఆపడానికి ప్లగ్ రంధ్రంలోంచి నైలాన్ తాడు కూరి పిస్టన్‌ని అడ్డగించడం మామూలు పద్ధతి. మా రాడ్ విరిగిపోయింది కదా, పిస్టన్‌కీ క్రాంక్‌కీ సంబంధమే లేదు, తాడు కూరినా క్రాంక్ తిరుగుతూనే ఉంది. చివరికి అవతలి వైపు ఫ్లైవీల్‌ని పట్టీ రెంచ్‌తో పట్టుకున్నాం. ఎంత బిగించినా క్లచ్ కదల్లేదు. విసుగొచ్చి సుత్తి తీశాను.

స్టూలు మీద కూర్చున్న నాన్న చెయ్యి అడ్డం పెట్టారు. "ఆగమ్మా, కొట్టకు. కొడితే క్లచ్ అంచు పగులుతుంది. బిగువు మీద ఉంచి కాసేపు వదిలెయ్."

అరగంట వదిలేశాం. మళ్ళీ పావు చుట్టు బిగించగానే టప్‌మని పెద్ద చప్పుడుతో ఊడింది. నాన్న మొహంలో వెలుగు చూడాలి!

పాత ఇంజిన్ ముప్పై కిలోల పైమాటే. తమ్ముడూ నేనూ పట్టుకుని దించాం. పాతదాని నుంచి కార్బొరేటర్, సైలెన్సర్, సెల్ఫ్ (స్టార్టర్) బ్రాకెట్, గాలి మళ్ళించే రేకులు కొత్తదానికి మార్చాం. ఆ రేకులు అందానికి కాదు. ఫ్లైవీల్ విసిరే గాలిని సిలిండర్ రెక్కల మీదికి పంపేవి అవే. లేకుండా నడిపితే ఇంజిన్ వేడెక్కి పాడవుతుంది. ఇంజిన్ కింది రబ్బరు బుష్షులు నలిగి ఉన్నాయి, అవీ, పెట్రోల్ గొట్టాలన్నీ కొత్తవి వేశాం.

క్లచ్ మళ్ళీ ఎక్కించే ముందు షాఫ్టు టేపర్‌నీ క్లచ్ లోపలి టేపర్‌నీ తుడిచి పూర్తిగా పొడిగా చేశాను. అక్కడ గ్రీజు రాయాలని చెయ్యి లాగుతుంది, రాయకూడదు. పట్టు అంతా పొడి లోహం మీదే ఉంది. టేపర్ మీద మార్కర్‌తో నాలుగు గీతలు గీసి, క్లచ్ పెట్టి కొంచెం తిప్పి తీసి చూశాను. గీతలు పొడవునా సమానంగా చెరిగాయి, అంటే క్లచ్ సరిగ్గా ఆనింది. ఈసారి తాడు పద్ధతి పనిచేసింది. రెండు వాల్వులూ మూసుకుని ఉన్న స్థితిలో తాడు కూరి, బిగువు కొలిచే టార్క్ రెంచ్‌తో బోల్టు బిగించాను. తర్వాత ఇంజిన్ మీది క్లచ్‌కీ, బెల్టు రెండో కొసన ఉండే వెనక క్లచ్‌కీ వంకర లేని పట్టీ ఆనించి, బెల్టు వంకర పోకుండా ఇంజిన్‌ని అటూ ఇటూ జరిపాకే కింది బోల్టులు బిగించాం.

కొత్త ఇంజిన్లు చాలావరకు ఆయిల్ లేకుండానే వస్తాయి. డిప్‌స్టిక్ తీసి చూస్తే తడి కూడా లేదు. ఆయిల్ పోసి, ప్లగ్ విప్పి దాన్ని ఎర్త్‌కి ఆనించి, ముందు ఇంజిన్‌ని ఊరికే తిప్పి ఆయిల్ అన్ని చోట్లకీ అందేలా చేద్దామనుకున్నాను. పెడల్ తొక్కాను. టిక్‌మంది, అంతే. మళ్ళీ తొక్కితే మళ్ళీ టిక్.

ఈ బండిలో పెడలే అన్నిటికీ తాళం. తొక్కగానే దాని కింది స్విచ్చి సోలినాయిడ్‌ని, అంటే కరెంటుతో పనిచేసే పెద్ద స్విచ్చిని, లాగుతుంది, సోలినాయిడ్ సెల్ఫ్‌కి కరెంటు ఇస్తుంది, సెల్ఫ్ బెల్టుతో ఇంజిన్‌ని తిప్పుతుంది. ఇంజిన్ అందుకున్నాక ఆ సెల్ఫే డైనమోగా మారి బ్యాటరీని చార్జ్ చేస్తుంది. పెడల్ వదిలితే ఇంజిన్ ఆగిపోతుంది. టిక్‌మంది కాబట్టి స్విచ్చి, సోలినాయిడ్ వరకూ బాగానే ఉన్నాయి. బ్యాటరీ 12.6 వోల్టులు చూపించింది.

"కరెంటు పోయే దారి చూశావు, తిరిగొచ్చే దారి చూశావా?" అన్నారు నాన్న.

మీటరు ఒక ముల్లు బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది ఇంజిన్ బాడీ మీద పెట్టి తమ్ముణ్ణి పెడల్ తొక్కమన్నాను. దాదాపు సున్నా ఉండాల్సిన చోట 11 దాటి చూపించింది. మా బండిలో సెల్ఫ్‌కి ఎర్త్ ఇంజిన్ బాడీ ద్వారానే అందాలి. ఎర్త్ పట్టీని నేను బిగించింది కొత్త ఇంజిన్ నల్ల పెయింటు మీద. బోల్టు గట్టిగానే ఉంది, లోహానికి లోహం తగల్లేదు. ఎమరీ పేపరుతో రూపాయి బిళ్ళంత మేర తెల్లగా మెరిసేదాకా గీకి మళ్ళీ బిగించాను. ఈసారి తొక్కగానే ఇంజిన్ గిర్రున తిరిగింది.

ప్లగ్ పెట్టి పెట్రోల్ వదిలాం. ఈ ఇంజిన్‌కి పెట్రోల్ పంపు క్రాంక్‌కేసులో పుట్టే ఒత్తిడి తరంగాలతో ఆడుతుంది, గొట్టాలు నిండేదాకా ఓపిక పట్టాలి. ఆపి ఆపి నాలుగోసారి తొక్కితే అందుకుంది. మీటరు 14 దాటింది, అంటే డైనమో పనిచేస్తోంది. ఇంజిన్ వేగం హద్దు దాటకుండా చూసే గవర్నర్ లింకును పాత ఫోటో చూసి ఎక్కడుందో అక్కడే పెట్టాను. ఎక్కువ వేగం కోసం దాన్ని కదిలించేవాళ్ళున్నారు. హద్దు మించి తిరిగితే మళ్ళీ విరిగేది రాడే.

మొదటి రౌండు నాన్నే నడిపారు. గేటు దాకా వెళ్ళి, పెడల్ వదిలి, బండి నిశ్శబ్దంగా ఆగాక, "రా, ఎక్కు" అన్నారు.

సాయంత్రం ఇంజిన్ చల్లారాక క్లచ్ బోల్టు, కింది బోల్టులు మరోసారి బిగించి చూశాను. 5 గంటలు నడిచాక ఆయిల్ దించాను. వెలుతురులో పెడితే వెండి పొడిలాంటి మెరుపు కనిపించింది, కొత్త భాగాలు ఒరుసుకుని సర్దుకునేటప్పుడు అలా రావడం మామూలే. 20 గంటలకి మళ్ళీ దించితే మెరుపు లేదు. ఇప్పుడు పొద్దున్నే బండి ఎక్కే ముందు నాన్న సీటు ఎత్తమంటారు, డిప్‌స్టిక్ తీసి గుడ్డతో తుడిచి నా చేతికిస్తారు.