ఇంకో రెండు వేలు

పదకొండు దాటింది. ఫోన్ పక్కన పెట్టి పడుకుందాం అనుకుంటుండగా తమ్ముడి మెసేజ్. "అక్కా, ఇంకో రెండు వేలు వేసుకుంటే బీ550 మదర్‌బోర్డు వచ్చేస్తుంది, ఒకసారి ఆలోచించు." ఆలోచించాలట! బెంగళూరులో ఏసీ వేసుకుని కూర్చున్నవాడికి నా రెండు వేలు ఎంత తేలికో.

మా అబ్బాయి బంటిగాడి గేమింగ్ కంప్యూటర్‌కి నలభై వేలని ఈయనా నేనూ కూర్చుని తేల్చుకున్నాం. నలభై అంటే నలభై. కానీ లిస్టులో ఏ వస్తువు దగ్గరికి వెళ్లినా, ఎవరో ఒకరు ఇంకో రెండు వేలంటారు. భాగాలన్నీ తగిలించే బోర్డు దగ్గర రెండు, ఫైళ్లు దాచే ఎస్ఎస్‌డీ దగ్గర రెండు, క్యాబినెట్‌కి గాజు తలుపూ రంగుల ఫ్యాన్లూ కావాలంటే ఇంకో రెండు. గేముల బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు దగ్గరికొచ్చేసరికి ఆ రెండు కాస్తా ఇరవై అవుతుంది. "5060 తీసేసుకో అక్కా, ఐదేళ్లు చూసుకోనక్కర్లేదు" అన్నాడు మొన్న. ఆ కార్డు ఒక్కటే ముప్పై వేల దగ్గర ఉంది. మిగిలిన పదివేలతో దాన్ని దేనికి తగిలించాలి, గోడ మేకుకా? అది మాత్రం చెప్పడు.

ఇవన్నీ ఒక ఎత్తు, ర్యామ్ (పని చేస్తున్నంతసేపు డేటా పట్టుకునే మెమరీ) ఒక ఎత్తు. నిరుడు ఎండాకాలంలో మూడు వేల చిల్లరకి దొరికిన 16 జీబీ డీడీఆర్4 రకం ఇప్పుడు మూడింతలు. మెమరీ చిప్పుల తయారీలో పెద్దవి శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. ఏఐ డేటా సెంటర్లవాళ్లు ఎంతయినా ఇచ్చి కొంటుంటే, సరుకంతా అటే పోతోంది. మైక్రాన్ అయితే 2025 డిసెంబర్‌లో, క్రూషియల్ పేరుతో మనలాంటివాళ్లకి అమ్మడమే ఆపేస్తున్నానని చెప్పేసింది. ఎక్కడో ఎవరో చాట్‌బాట్‌తో కబుర్లాడితే సికింద్రాబాద్‌లో నా పర్సుకి చిల్లు.

మధ్యాహ్నం సికింద్రాబాద్ కంప్యూటర్ల బజారు సీటీసీలో షాపతను "ఇప్పటికి ఒక్క ఎనిమిది జీబీ ర్యామ్ వేసుకోండి మేడమ్, రెండోది తర్వాత చూసుకోవచ్చు" అన్నాడు. ఈయన పక్కనుంచి తలూపారు. నాకు చప్పున కాకినాడ హాస్టల్ గుర్తొచ్చింది.

2004లో మా ఫ్లోర్ మొత్తానికి ఒకే కంప్యూటర్, రాజమండ్రి అమ్మాయిది. పెంటియం 4, ర్యామ్ 128 ఎంబీ. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. బోర్డులో ఉన్న గ్రాఫిక్స్ ఆ 128లోంచే కొంత మింగేది. జీటీఏ వైస్ సిటీ గేమ్ లోడ్ అవడానికి పెట్టి మెస్‌కి వెళ్లి ఇడ్లీ తినేసి వచ్చినా ఇంకా గీత పాకుతూ ఉండేది. వార్డెన్‌కి మాత్రం అది ప్రాజెక్ట్ వర్క్. ఆఖరికి ఐదుగురం తలా మూడు వందలు వేసుకుని మెయిన్ రోడ్డులో 256 ముక్క ఒకటి కొన్నాం. వేసిన రోజు బండి రోడ్డు మీద ఆగకుండా పరుగెత్తుతుంటే వరండా అంతా కేకలు. ఎప్పుడైనా ఆన్ కాకుండా కుయ్యిమంటే పక్క మూత తీసి, ర్యామ్ ఊడదీసి, బంగారు పళ్లని నటరాజ్ రబ్బరుతో తుడిచి మళ్లీ గుచ్చేవాళ్లం. అదే మా హార్డ్‌వేర్ ఇంజినీరింగ్.

ఫైనలియర్ అయిపోయాక గొడవ మొదలైంది. ఐదుగురు కొన్న ర్యామ్ ఎవరికి పోవాలి? రాజమండ్రి అమ్మాయి "నా కంప్యూటర్‌లో ఉంది కాబట్టి నాదే" అంది. నేను ఒప్పుకోలేదు. చీటీలు వేస్తే, ఒక్క రోజు కూడా గేమ్ ఆడని, పాటల కోసం డబ్బులిచ్చిన మా తణుకు పిల్లకి వచ్చింది. దాని ఇంట్లో కంప్యూటరే లేదు. అయినా "నా వాటా నాకు కావాలి" అని ఊడదీయించి, జేబురుమాల్లో చుట్టుకుని రైలెక్కింది. ఇప్పుడు కెనడాలో ఉంది. ఫోన్ చేసినప్పుడల్లా అది ఏమైందో అడుగుతాను, మాట మారుస్తుంది.

సరే, ఎక్కడికో పోయాను. సాయంత్రం దాకా నా లిస్టులో ఉన్నవి ఐ3 12100ఎఫ్ ప్రాసెసర్, సెకండ్ హ్యాండ్ ఆర్ఎక్స్ 580 గ్రాఫిక్స్ కార్డు. బంటిగాడు నెలరోజులు వీడియోలు చూసి తేల్చినది. ఇప్పుడు రెండూ కొట్టేస్తున్నా. 2022 సెప్టెంబర్‌లో గ్రాఫిక్స్ కార్డులతో ఇథీరియమ్ అనే క్రిప్టో డబ్బు సంపాదించే మైనింగ్ ఆగిపోయాక, రాత్రీ పగలూ కాలిన కార్డులన్నీ బజారుకొచ్చాయి. ఇవాళ చూపించినదాంట్లో ఫ్యాన్ తిరిగింది, బొమ్మ వచ్చింది. ఒక పావుగంట గేమ్ పెట్టి చూపించమంటే మాత్రం కరెంటు లేదు, టైమ్ లేదు అన్నారు. దాని పక్కన షాపు నిండా లైట్లు వెలుగుతున్నాయి! 580 అని రాసి, దాని తక్కువ రకం 2048ఎస్పీ అంటగట్టడం కూడా ఉంది. అసలు 580లో లెక్కలు చేసే కోర్లు 2304 ఉంటాయి, ఈ తక్కువ రకంలో 2048. పెట్టె మీద అంకె చూసి మురిసిపోతాం. పైగా 'ఎఫ్' ఉన్న ప్రాసెసర్‌లో సొంత గ్రాఫిక్స్ ఉండదు. ఆ ముసలి కార్డు పోయిన రోజున స్క్రీన్ నల్లగా, వీడి మొహం ఎర్రగా.

కాబట్టి రైజెన్ 5600జీ ప్రాసెసర్. ఆరు కోర్లు, లోపలే వేగా గ్రాఫిక్స్. కార్డు మీద డబ్బు పెట్టక్కర్లేదు. వాలరెంట్ హాయిగా ఆడుకుంటాడు, జీటీఏ 5 కూడా సెట్టింగులు తగ్గిస్తే నడుస్తుంది. జీటీఏ 6 కోసమే ఇదంతా అంటాడు కానీ, దాన్ని ముందు ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ లాంటి కన్సోళ్లకే ప్రకటించారు. ఆ మాట వాడికి ఇంకా చెప్పలేదు, ఇంటర్ పరీక్షలవనీ.

అయితే దీనికి ర్యామ్ ఒక్క ముక్క సరిపోదు. ఇది కూడా హాస్టల్ బాపతే, గ్రాఫిక్స్‌కి కావలసింది ర్యామ్‌లోంచే తీసుకుంటుంది. రెండు ఎనిమిదులు రెండు చానెళ్లలో, అంటే రెండు దారుల్లో ఉంటేనే డేటా వేగంగా అందుతుంది, సెకనుకి వచ్చే బొమ్మలు, అంటే ఫ్రేములు, బాగా పెరుగుతాయి. కాబట్టి రెండూ ఇప్పుడే. ఈయన ఏమన్నా సరే.

ఇంకొకటి. షాపతను క్యాబినెట్‌తో పాటు భాగాలకి కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ ఫ్రీ అన్నాడు. ఐదు వందల వాట్లని అంటించి ఉంది, చేత్తో ఎత్తితే ఖాళీ టిఫిన్ డబ్బాలా ఉంది. ఎండాకాలం మా వీధిలో కరెంటు ఎలా వచ్చి పోతుందో మీకు తెలుసుగా. కరెంటు వృథా తక్కువని ముద్ర ఉన్న 450 వాట్ల బ్రాంజ్ రకం విడిగా కొంటే... ఇంకో రెండు వేలు. తమ్ముడు మొదటి రోజునుంచీ దీని గురించే గోల పెడుతున్నాడు. ఈ ఒక్క రెండు వేలూ ఇస్తాను. బీ550 ఊసెత్తితే మాత్రం ఫోన్ పెట్టేస్తా. ఉన్న ప్రాసెసర్‌కి చౌకరకం ఏ520 బోర్డు చాలు.

అత్తయ్య మాత్రం భోజనాల దగ్గర "నలభై వేలు పోసి ఆటలా, బంగారమైనా కొనుక్కోలేకపోయారా" అన్నారు. ఈ రేట్లు చూస్తుంటే ర్యామ్ కొని బీరువాలో దాచుకోవడమే నయమేమో అత్తయ్యా అన్నాను. నవ్వలేదావిడ.

మానిటర్ పాతదే. రంగుల ఫ్యాన్లు లిస్టులోంచి తీసేశాను. ఆ సంగతి వాడికి ఈయనే చెప్పుకుంటారు, నాకు నిద్రొస్తోంది.