కూలర్ హోరుకి ఏ హెడ్‌ఫోన్స్?

మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటడం మామూలే. బల్లార్షా, రాజురా వైపు ఇళ్ళల్లో కిటికీకి ఆనించిన పెద్ద ఇనుప కూలర్ తిరుగుతున్నంతసేపూ టీవీలో మాట కూడా సరిగా వినపడదు. నాయిస్ క్యాన్సలింగ్ హెడ్‌ఫోన్స్ రివ్యూలు చాలావరకు ఏసీ గదిలో కూర్చుని చేసినవి. ఇక్కడ చెవులు ఉడికే సంగతి కూడా లెక్కలోకి వస్తుంది.

కూలర్ చప్పుడు ఒకటి కాదు, మూడు. ఫ్యాన్ గుయ్‌మనే హోరు, గాలి సుయ్‌మనే శబ్దం, గడ్డి మీంచి నీళ్ళు కారే చిటపట. హెడ్‌ఫోన్స్ మైకులు బయటి శబ్దాన్ని పట్టుకుంటే, దానికి సరిగ్గా తిరగేసిన అలని స్పీకరు వదులుతుంది. రెండూ కలిసి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. వెయ్యి హెర్ట్జ్ లోపు, అంటే బరువైన, లోతైన శబ్దాలకి ఇది బాగా పనిచేస్తుంది కాబట్టి ఫ్యాన్ హోరు చాలావరకు మాయమవుతుంది. సుయ్‌మనడాన్ని, చిటపటని ఆపేది ఎక్కువగా చెవి చుట్టూ ఉన్న కుషనే. కుక్కర్ విజిల్, పసిపిల్లల ఏడుపు కూడా ఈ రెండో జాబితాలోవే. ఎంత ఖరీదైనది కొన్నా అవి ఎంతో కొంత వినపడతాయి.

కూలర్ గాలి నేరుగా హెడ్‌ఫోన్ కప్పుకి (చెవిని మూసే భాగానికి) తగిలితే మాత్రం భుర్రుమని కొత్త చప్పుడు మొదలవుతుంది. అది మైకు రంధ్రంలో గాలి కొట్టడం, వస్తువులో లోపం కాదు. సికింద్రాబాద్ రైల్లో స్లీపర్ కిటికీ పక్కన కూర్చున్నా అంతే. కాస్త పక్కకి తిరిగితే చాలు. సోనీ హెడ్‌ఫోన్స్‌కి ఫోన్‌లో వేసుకునే యాప్‌లో గాలి చప్పుడు తగ్గించే సెట్టింగు ఉంది గానీ, అది పెడితే క్యాన్సలింగ్ కొంత తగ్గుతుంది.

అసలు తంటా కుషన్‌తోనే. గాలి ఆడేది చల్లగా ఉంటుంది, కానీ శబ్దాన్ని లోపలికి రానిస్తుంది. గట్టిగా మూసేది శబ్దాన్ని ఆపుతుంది, చెవిని ఉడకబెడుతుంది. పైగా కూలర్ గదిలో తేమ ఎక్కువ, కప్పు కింద చెమట ఆరదు. చెమట పీల్చుకుంటుందని బట్ట కవర్లు తొడిగితే కుషన్ పట్టు పోయి బాస్ (లోతైన ధ్వని) పలచబడుతుంది, హోరు మళ్ళీ వినిపిస్తుంది.

షాపులో ఇలా చూడండి. పాట పెట్టి, క్యాన్సలింగ్ ఆపి, రెండు కప్పులనీ అరచేతులతో మెల్లగా లోపలికి నొక్కండి. బాస్ ఒక్కసారిగా పెరిగిందంటే మీ తలకి ఆ కుషన్ సరిగా ఆనడం లేదన్నమాట. కళ్ళజోడు వాడేవాళ్ళు అది పెట్టుకునే చూడాలి. లావు ప్లాస్టిక్ కాడ ఉంటే అక్కడే సందు పడుతుంది, సన్నటి లోహపు కాడ నయం. ఇరవై నిమిషాలు పెట్టుకోకుండా డబ్బు కట్టొద్దు. నడినెత్తిన నొప్పి మొదటి రెండు నిమిషాల్లో తెలియదు.

బరువు దగ్గరే చాలా తేడా ఉంది. బోస్ క్యూసీ45 సుమారు 240 గ్రాములు, సోనీ ఎక్స్ఎం5 250, ఎక్స్ఎం4 254, సెన్‌హైజర్ మొమెంటమ్ 4 293, ఆపిల్ ఎయిర్‌పాడ్స్ మ్యాక్స్ 385 దాకా. ఎక్కువ గంటలు పెట్టుకోవాలంటే నా ఓటు బోస్‌కే, నొక్కుడు తక్కువ. ఆపిల్ కుషన్లు అల్లిక బట్టతో ఉంటాయి, చర్మానికి అంటుకోవు, కానీ ఆ బరువుతో పడుకుని వినడం కష్టం. దాని లోహపు కప్పుల లోపల తడి చేరుతుందని వాడినవాళ్ళు చాలామంది చెప్పారు. మన కూలర్ తేమకి అది గుర్తుంచుకోవాల్సిన మాట. ఎక్స్ఎం4 మడతపడి సంచిలో ఇముడుతుంది, ఎక్స్ఎం5 మడతపడదు. మాటిమాటికీ ఛార్జింగ్ పెట్టడం విసుగైతే సెన్‌హైజర్, 60 గంటలు వస్తుంది.

సౌండ్ విషయానికొస్తే, సోనీ పెట్టెలోంచి తీసినప్పుడు బాస్ ఎక్కువ. డప్పు మోగగానే గాయకుడి గొంతు వెనక్కి పోతుంది. యాప్ ఈక్వలైజర్‌లో (ధ్వని హెచ్చుతగ్గులు సరిచేసే చోట) క్లియర్ బాస్ అనే గీతని -3 దగ్గర పెట్టి, 2.5 కిలోహెర్ట్జ్ గీతని ఒకటి పైకి లేపితే మాట ముందుకొస్తుంది. బ్లూటూత్‌లో పాటని ఎక్కువ నాణ్యతతో పంపే సోనీ పద్ధతి ఎల్‌డాక్ ఆండ్రాయిడ్‌లో 990 కేబీపీఎస్ (సెకనుకు వెళ్ళే డేటా) వరకు వెళ్తుంది, ఐఫోన్‌లో అది లేదు, ఏఏసీ అనే మామూలు పద్ధతే. ఎక్స్ఎం4లో ఒకేసారి రెండు ఫోన్లకి కలిపితే ఎల్‌డాక్ ఉండదు. ల్యాప్‌టాప్ మీటింగులో పాత రేడియోలా వినిపిస్తోందంటే హెడ్‌ఫోన్ మైకు తెరుచుకుందని అర్థం. మైకుగా ల్యాప్‌టాప్‌దే ఎంచుకోండి, సౌండ్ మళ్ళీ దారికొస్తుంది.

వాడాక కప్పులు పైకి తిప్పి పావుగంట ఆరనిచ్చి అప్పుడే కేసులో పెట్టండి. శానిటైజరుతో తుడిస్తే తోలులా కనిపించే ఆ పొర పగులుతుంది, పిండిన తడిగుడ్డ చాలు. ఎండలో ఆపిన కారులో వదిలేయొద్దు, వేడిగా ఉన్నప్పుడు ఛార్జింగ్ అసలే వద్దు.

పొర పొరలుగా ఊడుతుంటే కుషన్ మార్చడమే. సోనీ ఎక్స్ఎం4కి పాత ఏటీఎం కార్డు అంచుని కుషన్‌కీ కప్పుకీ మధ్య దూర్చి మెల్లగా లేపితే కొక్కేలు ఊడతాయి. స్క్రూడ్రైవరు దూరిస్తే లోపలి వలా, మైకూ గీసుకుపోతాయి. కొత్తది ఎడమ కుడి చూసుకుని పెట్టి, చుట్టూ వేలితో నొక్కుతూ రండి, ప్రతి కొక్కేనికీ టిక్కుమనాలి. ఒక్కటి పడకపోయినా ఆ వైపు నుంచి హోరు వస్తుంది. బయటి కంపెనీ కుషన్ కొంటే మందం పాతదానితో పోల్చి చూడండి. మందం ఎక్కువైతే చెవి స్పీకరుకి దూరమై బాస్ మారిపోతుంది.