ఓటీపీ కోసం చూస్తూ, పాదం చూడలేదు

మా పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం)లో ఇద్దరం డాక్టర్లం. ఒకరు ఓపీ చూస్తే ఇంకొకరు 104 బండిలో, అంటే సంచార వైద్యశాలలో, ఊళ్లకు వెళ్తాం. 2023 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో ఫ్యామిలీ డాక్టర్ విధానం మొదలైనప్పటి నుంచి ఇదే పద్ధతి. ఊరికి వెళ్లే రోజంటే నాకు చాలా ఇష్టం. ఎవరు మాత్రలు మధ్యలో మానేశారో, ఎవరింట్లో ఎవరు మంచాన పడ్డారో అక్కడే తెలుస్తుంది.

పోయిన నెల అలాంటి రోజునే ఒక మామ్మ వచ్చింది. పన్నెండేళ్లుగా షుగరు. బీపీ చూశాం, వేలు గుచ్చి షుగరు చూశాం. ఆన్‌లైన్‌లో ఆరోగ్య రికార్డుకు వాడే ఆభా నంబరు ఇంకా లేదు. ఆధార్ కొడితే ఓటీపీ హైదరాబాద్‌లో ఉన్న కొడుకు ఫోనుకు వెళ్లింది. "డూటీలో ఉన్నాడేమో తల్లీ, ఎత్తట్లేదు" అంటూనే మామ్మ మళ్లీ మళ్లీ చేసింది. నేనూ ఆ ఫోను వంకే చూస్తూ కూర్చున్నా. వెనక ముప్ఫై మంది ఉన్నారు. చివరికి మాత్రలిచ్చి పంపేశాను.

పది రోజులకు పీహెచ్‌సీకి వచ్చింది, ఎడమ కాలి చిటికెన వేలి కింద పుండుతో. ఆ రోజుకే ఉందట. స్పర్శ పోయిన కాలు, నొప్పి తెలియలేదు, చెప్పలేదు. చెప్పులు విప్పమని నేనూ అడగలేదు.

రాతపనంతా దండగ అనను. జ్వరాలకు ఐహెచ్ఐపీ అనే రోగాల నిఘా పోర్టల్లో ఏఎన్ఎం లక్షణాలతో ఎస్ ఫారం, నేను అనుమానిత కేసులతో పి ఫారం, ల్యాబ్ టెక్నీషియన్ పరీక్షల్లో తేలినవాటితో ఎల్ ఫారం నింపితేనే కదా, ఏ ఊళ్లో డెంగీ తలెత్తిందో పట్టుకోగలిగేది. దానికి అరగంట పోయినా నాకు బాధ లేదు. ఒకే మనిషి పేరు, వయసు, బీపీ ముందు ఓపీ రిజిస్టర్లో, తర్వాత ఎన్‌సీడీ (బీపీ, షుగరు లాంటి అంటని జబ్బుల) యాప్‌లో, సాయంత్రం వాట్సాప్‌లో పంపే ఎక్సెల్ షీట్లో రాయాల్సి రావడమే బాధ. ఒకచోట ఎక్కిస్తే మిగతా చోట్లకు దానంతటదే వెళ్లాలి. జిరాక్సుల మీద గెజిటెడ్ సంతకం కోసం ఓపీ వేళలో చదువుకునే పిల్లలు ఇంకా వస్తూనే ఉన్నారు. ఎవరి కాగితం మీద వాళ్లే సంతకం చేసుకునే పద్ధతిని 2014 నాటికే కేంద్రం ప్రోత్సహించింది. దాన్ని అన్నిచోట్లా ఒప్పుకుంటే ఆ పిల్లలకు బస్సు చార్జీలు కూడా మిగులుతాయి.

ప్రస్తుతానికి మేం ఒక మార్పు చేసుకున్నాం. బండి వచ్చే ముందు రోజు సాయంత్రం, కొడుకులు, కూతుళ్లు ఫోనెత్తే వేళకు, ఆశా కార్యకర్త ఇళ్లకు వెళ్లి ఓటీపీల పని ముగిస్తోంది. బరువు నా మీంచి ఆమె మీదికి జరిగిందంతే, అది నాకు తెలుసు. అందుకే ఊరి రోజుల్లో బండితో పాటు ఎంట్రీకి ఒక మనిషిని ఇమ్మని పైకి రాశాం. జవాబు రావాలి.

మొన్న బుధవారం షుగరున్న పదకొండు మంది చేతా చెప్పులు విప్పించాను. ఒకాయన మడమ పగుల్లో చీము కనిపించింది. మామ్మ కూడా వచ్చింది. పుండు ఎండుతోంది.