ఊదారంగు మొన

"ఆ వేలు తీసేస్తే గొడవ వదిలిపోతుంది కదా సార్?"

నా మంచం పక్కనే నిలబడి, నా ముఖమైనా చూడకుండా ఒక కుర్ర డాక్టరు అన్నమాట ఇది. నాకున్నది జ్వరం, చెవుడు కాదు.

పదిహేనేళ్ల షుగరు నాది. చెప్పు ఒరుసుకుని ఎడమకాలి రెండో వేలి దగ్గర పుండు పడింది. పాదాల్లో స్పర్శ ఎప్పుడో పోయింది కాబట్టి నొప్పి తెలియలేదు, మేజోడు తడిస్తే చూసుకున్నాను. "చిన్న పుండే కదా" అనుకున్నవాళ్లలో నేనే మొదటివాణ్ణి. తర్వాత టెస్టులు, డ్రెస్సింగులు, మార్చి మార్చి యాంటీబయాటిక్స్. పుండు మానలేదు. బాక్టీరియా తమ చుట్టూ జిగురు పొర కట్టుకుని కూర్చుంటాయట, మందు సరిగ్గా లోపలికి దిగదు.

ఆ మాట విన్న రాత్రి చలిజ్వరం. పళ్లు టకటకలాడుతున్నాయి. చీకట్లో వేళ్లు కదిపాను. కదిలాయో లేదో తెలియలేదు. లైటు వేసి దుప్పటి తీసి లెక్కపెట్టాను. ఐదు. కాసేపాగి మళ్లీ లెక్కపెట్టాను. మా ఆవిడ కుర్చీలోనే కునుకు తీస్తోంది. లేపి ఏమని చెప్పను? తెల్లారేదాకా నాకు తెలిసిన దేవుళ్లందరినీ పిలిచాను.

పొద్దున పెద్ద డాక్టరు గారు వచ్చి, "కోల్డ్ ప్లాస్మా పెట్టి చూద్దామండీ" అన్నారు. "రక్తం ఎక్కిస్తారా?" అంది మా ఆవిడ. ఇది రక్తంలో ఉండే ప్లాస్మా కాదు, కరెంటుతో ఎలక్ట్రాన్లు విడిపోయిన వాయువు. 1928లో లాంగ్‌మ్యూర్ అనే శాస్త్రవేత్త ఈ వాయువుకి కూడా ప్లాస్మా అని పేరు పెట్టాడు, మా ఇంట్లో గందరగోళానికి ఆయనదే పూచీ. మెరుపులో ఉండేదీ ప్లాస్మానే, కాకపోతే అది మాడ్చేస్తుంది. ఇందులో ఎలక్ట్రాన్లకే వేడి, ఆర్గాన్ అనే వాయువు పరమాణువులు చల్లగానే ఉంటాయి కాబట్టి ఒంటికి తగిలేది 40 డిగ్రీల లోపే. అది గాలిని తాకి పుట్టించే ఆక్సిజన్, నైట్రోజన్ రసాయనాలు బాక్టీరియా పైపొరను తూట్లు పొడుస్తాయి. మందులకు లొంగని వాటినీ వదలవు.

పెన్ను లాంటి పరికరం, చివర గోరంత ఊదారంగు మొన, సన్నటి బుస్సుమనే శబ్దం. కాలికి ఎలాగూ తెలియదని ముందు నా చేతి మీద పెట్టమన్నాను. ఎవరో ఊపిరి వదిలినట్టు గోరువెచ్చగా తగిలింది. పిడుగు పడ్డాక గాలిలో వచ్చే ఘాటు వాసన. చదరపు సెంటీమీటరుకు దాదాపు నిమిషం, అంతే.

ఇది మంత్రమేం కాదు. చచ్చిన కండ గీకారు, యాంటీబయాటిక్స్ ఆపలేదు, కాలు నేలమీద మోపనివ్వలేదు. దేని వాటా ఎంతో నాకు తెలియదు. కానీ ఇలాంటి పరికరానికి యూరప్‌లో 2013లోనే అనుమతి వచ్చిందని తెలిశాక కుర్ర డాక్టరు మీద కోపం రెట్టింపైంది. అయితే కట్టు విప్పిన ప్రతిసారీ నా పాదాన్ని ఒళ్లో పెట్టుకుని ఓపికగా తుడిచింది కూడా అతనే. ఏం చేయను?

షుగరున్నవాళ్లు రోజూ అద్దం కింద పెట్టి అరికాళ్లు చూసుకోండి, చూపు ఆనకపోతే ఇంట్లోవాళ్లను చూడమనండి. నేను చూసుకుంటున్నాను. రెండో వేలి గోరు కొంచెం వంకరగా పెరుగుతోంది. పెరగనీ.