మూడు రోజుల ఢిల్లీ

ఢిల్లీ చూశానని ఇన్నాళ్లూ చెప్పుకుంటూ వచ్చిన నేను, నిజానికి ఇండియా గేటునూ ఆఫీసు గదులనూ తప్ప మరేమీ చూడలేదని ఈ మూడు రోజుల్లో తెలిసింది.

మొదటి రోజంతా మెహ్రౌలీలోనే గడిచిపోయింది. దాదాపు 73 మీటర్ల కుతుబ్ మీనారు కంటే, దాని పక్కనే ఉన్న గుప్తుల కాలం నాటి ఇనుప స్తంభమే నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది; సుమారు 1,600 ఏళ్లుగా ఎండకూ వానకూ నిలిచినా తుప్పు దాన్ని తినేయకపోవడానికి, ఇనుములోని భాస్వరం వల్ల పైన ఏర్పడిన పలుచని పొర కారణమని శాస్త్రజ్ఞులు చెబుతారు.

మరునాడు, షాజహాన్ 1639లో పునాది వేయించిన, ఇప్పుడు పాత ఢిల్లీ అని పిలిచే షాజహానాబాద్‌కు వెళ్లాను. చాందినీ చౌక్ పడమటి కొసన, ఫతేపురీ మసీదు పక్కనే ఖారీ బావలీ మసాలా బజారు మొదలవుతుంది. ఎండుమిర్చి బస్తాల మధ్య నడుస్తూ, గుంటూరు వాడినై ఉండి కూడా (చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది) ఆగకుండా తుమ్ముతుంటే, బస్తాలు మోసే కూలీలు నవ్వుతూ దారి ఇచ్చారు. ఆ సాయంత్రం నిజాముద్దీన్ బస్తీలో, సూఫీ గురువు నిజాముద్దీన్ ఔలియా సమాధికి కొద్ది అడుగుల దూరంలోనే నిద్రిస్తున్న ఆయన శిష్యుడు, కవి అమీర్ ఖుస్రో దగ్గర, ఖవాలీ పాటలు ముగిసేదాకా కూర్చుండిపోయాను.

మూడో రోజు న్యూఢిల్లీ. 1931లో ప్రారంభించిన ఆ నగరంలో చెట్ల నీడ బాగుంది కానీ, అది నడిచేవాడిని దృష్టిలో పెట్టుకుని కట్టిన నగరం కాదనిపించింది. కాళ్లు పీకుతుండగా అశోకా రోడ్డులోని ఆంధ్రా భవన్ క్యాంటీన్‌కు చేరితే, భోజనం వరుసలో నా చుట్టూ వినిపించిందంతా హిందీయే.