తప్పు మా కందుకూరు నెట్టుది కాదు
మాది కందుకూరు. 2022 ఏప్రిల్ దాకా ప్రకాశం జిల్లా, అప్పుడు జిల్లాలు మార్చాక నెల్లూరులోకి వెళ్ళింది, అందుకే మస్కట్‌లో ఎవరైనా "మీదే జిల్లా అన్నా" అంటే, అడిగినవాడు ఒంగోలు వైపా కావలి వైపా అన్నది చూసుకుని చెప్తుంటా. అక్కడ ఓ కాంట్రాక్టింగ్ కంపెనీలో ఐటీ సపోర్ట్ నాది. సపోర్ట్ అంటే ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితం దగ్గర్నుంచి సర్వర్ దాకా అన్నీ మనమే. 2025లో ఉగాదికి ఇంటికెళ్తానంటే లీవ్ ఇచ్చారు, కాకపోతే ల్యాప్‌టాప్ కూడా తీసుకెళ్ళమన్నారు. దాన్ని లీవ్ అనొచ్చో లేదో మీరే చెప్పండి.

చెన్నైలో దిగి, రైల్లో సింగరాయకొండ వచ్చి, ఇల్లు చేరేసరికి రాత్రి పదయింది. ల్యాప్‌టాప్ తెరిస్తే అప్‌డేట్ ఉంది, రీస్టార్ట్ చెయ్యనా అని అడిగింది. కానీ అనేసి పడుకున్నా. పొద్దున్నే వీపీఎన్ (బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్ళే దారి) కలిపి, దూరంగా ఉన్న కంప్యూటర్ స్క్రీన్‌ని మన ముందు తెరిచే రిమోట్ డెస్క్‌టాప్‌లో అకౌంట్స్ సర్వర్‌లోకి వెళ్ళి, జీతాల ఫైలు ఇలా తెరిచానో లేదో స్క్రీన్ బిగుసుకుపోయి కనెక్షన్ తెగింది. మళ్ళీ కలిపా, మళ్ళీ తెగింది. ఆ నెల ఉగాదీ రంజానూ పక్కపక్కనే వచ్చాయి, పండక్కి ముందే జీతాలు పడాలి. సైట్లో పనిచేసే ఉదయగిరి కుర్రాడు అప్పటికే "అన్నా, ఈసారి ముందే ఏస్తారంట కదా" అని మెసేజ్ పెట్టి ఉన్నాడు.

మేనేజర్‌కి ఫోన్ చేస్తే మొదటి మాటే "మీ ఊరి నెట్ బాలేదు" అన్నాడు. మలయాళీ, మంచివాడే. పైగా ఆయన దగ్గర సాక్ష్యం కూడా ఉంది: ఆఫీసులో మా జూనియర్ అదే సర్వర్‌లో గంటల తరబడి కూర్చున్నా ఏమీ కావట్లేదు. నిజం చెప్పాలంటే నేనూ అదే అనుకున్నా. ఊరికొచ్చిన రోజే సమస్య మొదలైతే ఊరినే కదా అనుమానిస్తాం! రాత్రి వేసుకున్న అప్‌డేట్ సంగతి గుర్తే లేదు.

నాన్న నెట్ అబ్బాయికి ఫోన్ కొట్టాడు. పాపం, ఎండలో నిచ్చెన వేసుకుని స్తంభం ఎక్కాడు, డబ్బా దగ్గర ఫైబర్ కనెక్టర్ మార్చాడు, కిందికి దిగి లైట్లు చూపించాడు. ఎర్ర లైటు వెలగడం లేదన్నా, పచ్చవన్నీ నిలకడగా ఉన్నాయి, ఇంక నేనేం చేసేది అన్నాడు. మధ్యాహ్నం మళ్ళీ పిలిపించాం. నేనేమో నెట్‌వర్క్ కార్డు పవర్ సెట్టింగ్ మార్చా, వీపీఎన్ తీసేసి మళ్ళీ వేశా, ఉపయోగం లేదు. "ఏంరా అబ్బయ్యా, అంత దూరం నుంచి వచ్చి దాని మొహం చూస్తా కూర్చుంటివే" అని నాన్న సణుగుడు.

సాయంత్రం ఓ పక్క సర్వర్‌కి పింగ్ పెట్టి (అంటే "ఉన్నావా" అని అడుగుతూ పోవడం, లైను బాగుంటే ప్రతిసారీ జవాబొస్తుంది), ఇంకో పక్క రిమోట్ డెస్క్‌టాప్ తెరిచా. డెస్క్‌టాప్ తెగింది, పింగ్ మాత్రం ఒక్కటి కూడా తప్పకుండా వస్తూనే ఉంది. అప్పుడు ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకున్నా. 65 సెకన్లు. ఇంకోసారి, 65. అమ్మ కాఫీ తెచ్చి పెట్టినప్పుడు మూడోసారి, అదీ 65. లైను బాగాలేకపోతే ఒకసారి పది సెకన్లకి తెగుతుంది, ఒకసారి అరగంటకి తెగుతుంది. టైం చూసుకుని తెగే తీగ ఎక్కడన్నా ఉంటుందా?

ఇంకో సర్వర్‌లోకి వెళ్ళి చూస్తే అరగంటయినా తెగలేదు. అది విండోస్ సర్వర్ 2019. తెగేది 2016. నా ల్యాప్‌టాప్ విండోస్ 11, అందులో 24హెచ్2 అనే వెర్షన్. మా జూనియర్‌ది పాత విండోస్ 10. మేనేజర్ గారి సాక్ష్యం అక్కడికక్కడే తిరగబడింది.

సంగతేంటంటే, రిమోట్ డెస్క్‌టాప్ 3389 పోర్టు మీద (పోర్టు అంటే కంప్యూటర్‌కి తలుపు నంబరు లాంటిది) టీసీపీ, యూడీపీ అని రెండు దారుల్లో నడుస్తుంది. టీసీపీ అంటే రిజిస్టర్డ్ పోస్టు లాంటిది, అందినట్టు సంతకం రావాలి. యూడీపీకి ఆ గొడవ లేదు, పంపేసి ఊరుకుంటుంది, అందుకే బొమ్మ చురుగ్గా కదులుతుంది. 24హెచ్2కి జనవరి చివర్లో వచ్చిన అప్‌డేట్‌తో ఈ తేడా మొదలై, మార్చి అప్‌డేట్‌తో ఇంకా చాలామందికి తగులుకుంది: 2016, అంతకంటే పాత సర్వర్లకి యూడీపీ మీద కలిస్తే 65 సెకన్లకి కట్.

మందు చిన్నదే. విండోస్ సెట్టింగులు మార్చే జీపీఎడిట్ (gpedit) తెరిచి, అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్, విండోస్ కాంపొనెంట్స్, రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసెస్ మీదుగా రిమోట్ డెస్క్‌టాప్ కనెక్షన్ క్లయింట్‌లోకి వెళ్ళి, 'టర్న్ ఆఫ్ యూడీపీ ఆన్ క్లయింట్' అన్నదాన్ని ఎనేబుల్ చెయ్యాలి. ఆపేదాన్ని ఎనేబుల్ చెయ్యడమేంటి అని నేనూ ఒక క్షణం ఆగా. పని చేసిందో లేదో తెలియాలంటే సెషన్ పైనున్న నీలం పట్టీలో సిగ్నల్ గుర్తు నొక్కండి. అంతకు ముందు కనెక్షన్ బాగుంది, యూడీపీ ఉంది అని చూపించేది, ఇప్పుడు యూడీపీ మాట లేదు. 65 దాటింది, 70 దాటింది, నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నా. మౌస్ కొంచెం బద్ధకంగా కదిలింది గానీ జీతాల ఫైలు ఆ రాత్రే బ్యాంకుకి వెళ్ళింది.

మార్చి 27న వచ్చిన కేబీ5053656 అప్‌డేట్‌లో దీన్ని సరిచేశారు. అది వేసుకున్నాక ఆ యూడీపీ సెట్టింగ్ వెనక్కి తిప్పేశా. మేనేజర్‌కి మొత్తం రాసి స్క్రీన్‌షాట్లతో పంపితే, "ఓకే, గుడ్. ఏదేమైనా నెట్ కూడా మార్చుకో" అని జవాబిచ్చాడు.

ఉగాది పొద్దున నాన్న ఆ నెట్ అబ్బాయిని పనిగట్టుకుని పిలిచాడు, పచ్చడి పెడదామని. వాడు చెప్పులు విప్పకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. "ఏందన్నా, మళ్ళీ ఎక్కాలా?"