విష్ణు సహస్రనామం అడిగిన మనిషి

మాఘ శుద్ధ ఏకాదశి, అంటే మన భీష్మ ఏకాదశి వచ్చిందంటే తెల్లవారకముందే గుడి మైకుల్లో విష్ణు సహస్రనామం వినిపిస్తుంది. పారాయణకి కూర్చున్నప్పుడు చాలామందిమి పూర్వపీఠికని గబగబా దాటేసి 'విశ్వం విష్ణుర్వషట్కారః' దగ్గరికి వచ్చేస్తాం. ఆ పీఠికలోని ఈ శ్లోకం దగ్గర ఒక్క నిమిషం ఆగండి.

శ్రుత్వా ధర్మానశేషేణ పావనాని చ సర్వశః
యుధిష్ఠిరః శాంతనవం పునరేవాభ్యభాషత

ధర్మాలన్నీ విన్నాడు. పాపాలు పోగొట్టేవన్నీ విన్నాడు. అయినా ధర్మరాజు భీష్ముణ్ణి మళ్ళీ అడిగాడు. శాంతిపర్వమంతా కూర్చుని విన్నవాడికి ఇంకా అడగాల్సింది ఏం మిగిలిపోయింది?

అడుగుతున్నది యుద్ధం నుంచి వచ్చిన మనిషి. పద్దెనిమిది రోజుల యుద్ధం ముగిశాక పాండవులు నేరుగా హస్తినలో అడుగుపెట్టలేదు. చనిపోయినవాళ్ళకి నీళ్ళు వదిలి, నెల రోజులు ఊరి బయట గంగ ఒడ్డునే ఉన్నారు. నారదుడు వచ్చి 'గెలిచావు కదా, సంతోషమేనా?' అని పలకరిస్తే ధర్మరాజు అన్న మాట ఇది: 'జయోఽయమజయాకారో భగవన్ ప్రతిభాతి మే.' స్వామీ, ఈ గెలుపు నాకు ఓటమిలాగే కనిపిస్తోంది. అభిమన్యుడు లేడు, ద్రౌపది కొడుకులు ఐదుగురూ లేరు. కర్ణుడు తన సొంత అన్న అని తర్పణాల వేళ కుంతి చెబితేగానీ తెలియలేదు. అప్పుడు ఆయనకి కర్ణుడి పాదాలు గుర్తొచ్చాయి. జూదసభలో కర్ణుడు నోటికొచ్చినట్టు మాట్లాడుతున్నా, ఆ పాదాల వైపు చూడగానే తన కోపం చల్లారిపోయేదట. అవి అచ్చం అమ్మ పాదాల్లా ఉండేవి. ఎందుకలా ఉన్నాయని ఎంత ఆలోచించినా అప్పట్లో అంతుపట్టలేదు. వ్యాసుడు ఈ చిన్న సంగతిని రాసిపెట్టాడంటే, యుద్ధం చేసినవాడి మనసు ఏ మూల పట్టుకుని పీకుతుందో ఆయనకి బాగా తెలుసనిపిస్తుంది.

తమ్ముళ్ళు నలుగురూ చెప్పారు, ద్రౌపది గట్టిగానే మందలించింది, వ్యాసుడూ కృష్ణుడూ నచ్చజెప్పారు. క్షత్రియ ధర్మం, రాజధర్మం అంటూ వాళ్ళు చెప్పినవి తప్పుడు మాటలేం కావు. కానీ 'అది యుద్ధం, అందులో నీ తప్పేముంది?' అనే మాట వాదనలో నెగ్గుతుందేమో గానీ కంటిమీదికి కునుకు తీసుకురాదు. మిలటరీ మాధవరం లాంటి ఊళ్ళలో ఎన్నో కుటుంబాలు తరతరాలుగా బిడ్డల్ని సైన్యానికి పంపుతున్నాయి. యుద్ధం చూసి వచ్చినవాడు ఇంట్లో ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటే ఏమనాలో తెలియక మనమూ ఆ మాటే అంటాం.

చివరికి కృష్ణుడు ధర్మరాజుని అంపశయ్య దగ్గరికి తీసుకెళ్ళాడు. అంతకుముందు భీష్ముడు 'ఒళ్ళంతా బాణాలతో మండిపోతోంది, మనసు నిలవడం లేదు, ఇంకేం చెప్పను?' అంటే, కృష్ణుడు మొదట ఆ మంట, నొప్పి, ఆకలిదప్పులు లేకుండా వరమిచ్చాడు. బోధ ఆ తర్వాతే మొదలైంది. బాధలో ఉన్నవాడికి ముందు బాధ తగ్గించాలి. అందుకే యుద్ధం మిగిల్చిన భయంతో, నిద్రలేమితో నలిగిపోయేవాళ్ళని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడం భక్తికి తక్కువేం కాదని నా నమ్మకం.

అంత దూరం వెళ్ళీ ధర్మరాజు తాతగారి ఎదుటికి రాలేకపోయాడు. సిగ్గు, శపిస్తాడేమోనన్న భయం. ఆ సంగతి కృష్ణుడే భీష్ముడికి చెప్పాల్సి వచ్చింది. దగ్గరికొచ్చి కాళ్ళు పట్టుకున్న మనవణ్ణి భీష్ముడు తల మూర్కొని, కూర్చోమని, 'భయపడకు నాయనా, నిశ్చింతగా అడుగు' అన్నాడు.

ఈ ఇద్దరి మధ్య జరిగిన ఇంకో మాట తెలిస్తే ఇది ఎంత పెద్ద విషయమో అర్థమవుతుంది. యుద్ధంలో తొమ్మిదో రోజు రాత్రి ఇదే ధర్మరాజు, తమ్ముళ్ళతో, కృష్ణుడితో కలిసి ఇదే భీష్ముడి గుడారానికి వెళ్ళి, నిన్ను గెలిచే ఉపాయమేదో నువ్వే చెప్పమని అడిగాడు. భీష్ముడు శిఖండి సంగతి చెప్పాడు. మర్నాడే ఆయన పడిపోయాడు. నిన్నెలా పడగొట్టాలి అని అడిగిన నోటితోనే ఇప్పుడు 'కిం జపన్ముచ్యతే జంతుర్జన్మసంసారబంధనాత్', అంటే ఏం జపిస్తే ప్రాణి ఈ జన్మసంసార బంధం నుంచి బయటపడతాడు అని అడుగుతున్నాడు. తాతగారు రెండింటికీ జవాబిచ్చాడు. 'నిన్ను క్షమించాను' అనే మాట కోసం నేను పీఠికలో వెతకను. వెయ్యి నామాలూ నాకు ఆ మాటలాగే వినిపిస్తాయి.

ఆ ప్రశ్న దాకా వచ్చేలోపు ధర్మరాజు మనసు అంత తేలిగ్గా కుదుటపడలేదు. శాంతిపర్వం అయిపోయి అనుశాసనిక పర్వం మొదలయ్యేసరికి 'బాణాలు నిండిన నీ ఒళ్ళు చూస్తుంటే నాకు శాంతి లేదు' అంటూ మళ్ళీ మొదటికే వచ్చాడు. భీష్ముడు విసుక్కోలేదు. గౌతమి కథ చెప్పాడు. పాము కరిచి కొడుకు పోయిన ముసలి తల్లి ఆమె. అర్జునకుడనే బోయవాడు ఆ పాముని పట్టి తెచ్చి, నిప్పుల్లో వెయ్యనా, ముక్కలు చెయ్యనా అని అడిగాడు. 'దీన్ని చంపితే నా బిడ్డ బతుకుతాడా? వదిలెయ్యి' అందామె. తర్వాత పాము, మృత్యువు, కాలుడు ఎవరి వాదన వాళ్ళు వినిపించాక, ఇదంతా కర్మ అని ఒప్పుకుంది. ఆ మాట అనే హక్కు ఆ తల్లికే ఉంది. బిడ్డని పోగొట్టుకున్నవాళ్ళ ఇంటికి వెళ్ళి మనం అనాల్సిన మాట మాత్రం కాదది.

ఉత్తరాయణం వచ్చాక భీష్ముడు వెళ్ళిపోయాడు. ఆయనకి నీళ్ళు వదిలి గట్టుకి వస్తూనే ధర్మరాజు మళ్ళీ కుప్పకూలాడు. అప్పుడు ఓదార్చినవాళ్ళలో ధృతరాష్ట్రుడు ఉన్నాడు. లే నాయనా, ఏడవాల్సింది నేనూ గాంధారీ కదా, నూరుగురు కొడుకుల్ని పోగొట్టుకున్నది మేము, అన్నాడు.

ఆ తర్వాత పదిహేనేళ్ళు ధృతరాష్ట్రుడు పాండవుల దగ్గరే ఉన్నాడు. ధర్మరాజు ఆయనకి ఏ లోటూ రానివ్వలేదు. భీముడు మాత్రం చాటుమాటుగా సూటిపోటి మాటలు అంటూనే ఉన్నాడు. అడవికి వెళ్ళేముందు ఆ ముసలి రాజు భీష్మద్రోణులకి, తన కొడుకులకి, అభిమన్యుడి చావుకి కారణమైన అల్లుడు సైంధవుడికి శ్రాద్ధం పెట్టడానికి డబ్బు అడిగించాడు. భీముడు ససేమిరా ఇవ్వనన్నాడు. ధర్మరాజు అతన్ని మందలించి, నా ఇంట్లోనూ అర్జునుడి ఇంట్లోనూ ఉన్నదంతా ఆయనదేనని విదురుడితో చెప్పి పంపాడు. అర్జునుడూ సరేనన్నాడు. సైంధవుడి పిండానికి అభిమన్యుడి తండ్రి డబ్బు ఇచ్చాడు.